పరుగెత్తు రైలు – నిలిచిన బొమ్మ

ఏ పెద్ద స్టేషను ప్లాట్‌ఫారము చివరనైనను కొంతసేపు నిలిచి చూచినచో, ప్రయాణము లేకయే వచ్చి రైళ్లను చూచుచుండు కుఱ్ఱవాండ్రు ఒకరిద్దరైన కనబడుదురు. ఇంజను నంబరు చదువుట, అది ఏ షెడ్డుకు చెందినదో చెప్పుకొనుట, దగ్గరకు రాగానే చేతిలోని ఫోనెత్తి ఒక బొమ్మ తీసికొనుట – ఇదియే వారి పని. పెద్దలకు ఇది పనిలేని పనిగా తోచును. కాని ఈ పనిలేని పనికి నూట ముప్పది యేండ్లకు మించిన చరిత్ర కలదు. అందు రసాయన శాస్త్రమున్నది, యంత్రశాస్త్రమున్నది; వెలుతురుతోను వేగముతోను మనుష్యుడు చేసిన పెనుగులాట యున్నది. అంతకంటె ముఖ్యమైన దింకొకటి కలదు. ఆవిరి యింజను తన చోట, తన పనిలో, తన మనుష్యుల నడుమ ఎట్లుండెనో నేడు మనకు తెలిసినదనిన, అందులో చాల భాగము ఇట్టి సరదా మనుష్యుల చలువయే.

రైలును ఛాయాచిత్రమును ఇంచుమించు ఒకే తరములో పుట్టినవి. లివర్‌పూల్ – మాంచెస్టరు రైలుమార్గము 1830 సెప్టెంబరు 15న తెరువబడెను. ఫ్రాన్సు దేశీయుడగు డాగేరు కనిపెట్టిన చిత్రణ విధానము 1839లో లోకమునకు వెల్లడియయ్యెను. అయినను ఈ రెండును చాలకాలము ఒకదాని ముఖమొకటి సరిగా చూచుకొనలేకపోయినవి. కారణము తేలికైనదే. డాగేరు పలకమీద బొమ్మ పడుటకు తొలినాళ్లలో నిమిషములు పట్టెడిది. ఆలోపల రైలు కనుచూపుమేర దాటిపోయెడిది. కదలుచున్న వస్తువు పలకమీద ఏ యొక్కచోటను తగినంతసేపు నిలువదు కనుక దాని జాడయే పడెడిది కాదు.

1851లో ఇంగ్లండున ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చరు వెల్లడించిన తడి పలక విధానము ఈ కాలమును సెకండ్లకు దించెను. కాని దానితో వేరొక చిక్కు వచ్చిపడెను. గాజుపలకకు కొల్లోడియను పూసి, వెండి లవణపు ద్రావణమున ముంచి, అది ఆరకముందే బొమ్మ తీసి, ఆరకముందే కడుగవలెను. ఇందుకై చిత్రకారుడు చీకటి డేరాను, సీసాలను, తొట్లను వెంట మోసికొని పోవలసి యుండెను. కట్ట ప్రక్కన ఇంత సరంజామా దింపుకొని, వచ్చెడి రైలుకై కాచుకొనుట సరదా పని కాదు గదా. అందుచే ఆ నాటి రైలు చిత్రములలో రైళ్లన్నియు నిలిచియే యుండును. 1869 మే 10న అమెరికాలోని యూటా ప్రాంతమున ప్రామంటరీ యనుచోట తూర్పు పడమర రైలుమార్గములు కలిసినప్పుడు ఆండ్రూ రస్సెల్ తీసిన చిత్రము లోకప్రసిద్ధము. రెండు ఇంజనులు ముక్కుకు ముక్కు ఆనించునట్లు నిలిచియున్నవి. వానిపై మనుష్యులు ఎక్కి సీసాలు చాచుచున్నారు. అంతటి సందడిలోను అందరును ఆ కొద్ది సెకండ్లు బిగబట్టి నిలువవలసినదే.

ఇంజనులు తయారుచేయు కర్మాగారములు కూడ తమ సరకును చూపించుకొనుటకై చిత్రములు తీయించుచుండెడివి. ఇందు ఒక వింత యున్నది. చిత్రము తీయుటకు ముందు ఇంజనుకు బూడిదవన్నె రంగు, మెఱుపు లేనిది, పూసెడివారు. చిత్రమైన తరువాత అసలు రంగు వేసెడివారు. ఏలయన ఆ నాటి పలకలకు నీలివెలుగు మాత్రమే బాగుగా తెలియును. ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు వానికి దాదాపు చీకటితో సమానము. మిడ్‌లాండ్ రైల్వేవారి ఎఱ్ఱని ఇంజను చిత్రమున నల్లగా దిగెడిది. కాలెడోనియన్ రైల్వేవారి నీలి ఇంజను తెల్లబోయి దిగెడిది. 1873లో జర్మను శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఫోగెల్ పలకలకు కొన్ని అద్దకపు రంగులు పట్టించి, ఆకుపచ్చ వెలుగును కూడ వానికి తెలియునట్లు చేసెను. అన్ని రంగులును తెలిసిన పలకలు అంగడికి వచ్చుటకు 1906 వరకు ఆగవలసి వచ్చెను. కావున పాత పుస్తకములలోని చిత్రములు చూచి ‘ఆనాటి ఇంజనులన్నియు నల్లనివే’ యని ఏ విద్యార్థియైన తలచినచో అది ఇంజను తప్పు కాదు, పలక తప్పు.

కదలికను పట్టుటకు గట్టి ప్రయత్నము చేయించిన వాడును ఒక రైల్వే ధనికుడే యగుట చిత్రము. ప్రామంటరీ వద్ద బంగారు మేకును కొట్టిన లేలాండ్ స్టాన్‌ఫర్డ్‌కు గుఱ్ఱములపై మోజు మెండు. పరుగెత్తు గుఱ్ఱము నాలుగు కాళ్లును ఒక్కమారుగా నేలను విడుచునా లేదా యన్న సంగతి తేల్చుటకై ఆయన ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్‌ను నియమించెను. 1878 జూనులో మైబ్రిడ్జ్ పండ్రెండు కెమేరాలు వరుసగా పేర్చి ఆ సంగతి తేల్చెను. కాలిఫోర్నియా ఎండ, తెల్లని తెర, తడి పలకలు – ఇన్ని యుండియు ఆ బొమ్మలు చాలవఱకు నీడలవలెనే వచ్చినవి. గుఱ్ఱమునకే ఇంత శ్రమయైనచో రైలు సంగతి చెప్పనేల?

దారి చూపినది పొడి పలక. 1871లో రిచర్డ్ మాడాక్స్ అను ఆంగ్ల వైద్యుడు వెండి బ్రోమైడును కొల్లోడియనుకు బదులు జెలటిన్ లో కలుపవచ్చునని చెప్పెను. 1878లో చార్లెస్ బెన్నెట్ ఆ మిశ్రమమును కొన్ని దినములు వెచ్చగా నుంచినచో దాని చుఱుకుదనము ఎన్నో రెట్లు పెరుగునని చూపెను. ఇక పలకలను అంగడిలో కొనవచ్చును, పెట్టెలో దాచవచ్చును, కావలసినప్పుడు వాడి ఇంటికి వచ్చి తీరికగా కడుగవచ్చును. చీకటి డేరా మాయమయ్యెను. ఛాయాచిత్రణము వృత్తివారి చేతినుండి పల్లెటూరి మతాధికారి, బడిపంతులు, వైద్యుడు, బ్యాంకు గుమాస్తా మొదలగువారి చేతికి వచ్చెను. రైళ్లను సరదాకు చిత్రించు వ్యాసంగము ఇక్కడ పుట్టినది.

తొలి తరము వారిలో మతాధికారి ఎ. హెచ్. మాలన్ ఒకడు. ఇంగ్లండు నైరృతి భాగమున గ్రేట్ వెస్టరన్ రైల్వేవారి వెడల్పు మార్గముండెను. పట్టాల నడుమ ఎడము 7 అడుగుల పైచిలుకు. నేటి మన బ్రాడ్ గేజికంటె ఒకటిన్నర అడుగు ఎక్కువ. ప్రసిద్ధ యంత్రశిల్పి బ్రూనెల్ ఆలోచన అది. తక్కిన దేశమంతయు ఇరుకు గేజిని పట్టుకొనినందున ఆ వెడల్పు మార్గమునకు కాలము చెల్లెను. 1892 మే నెలలో వేలాది పనివాండ్రు కూడి, ఒక వారాంతములో, మిగిలియున్న మార్గమునంతయు ఇరుకు గేజికి మార్చివేసిరి. ఆ రైళ్లు పోవునని తెలిసి, పోకముందే వానిని పలకలపై పట్టిన వారిలో మాలన్ ముఖ్యుడు. ఈ వ్యాసంగమునకు మొదటినుండియు ఈ లక్షణమున్నది: ఎప్పుడును ఉండునది యని తలచినంతకాలము యంత్రమువైపు ఎవరును చూడరు, పోవుచున్నదని తెలిసిననాడు కెమేరాలు బయటికి వచ్చును.

1897లో లండనునుండి ‘రైల్వే మ్యాగజైన్’ వెలువడుట ప్రారంభించెను. చిత్రములను చుక్కలుగా విడదీసి అచ్చొత్తు విధానము అప్పటికి చౌకగా దొరకుచుండెను. అందుచే సరదాగా తీసినవాని చిత్రము దేశమంతట చేరుటకు వీలయ్యెను. 1899లో రైల్వే క్లబ్బు పుట్టెను. 1922లో మారిస్ అర్లీ అను ఔత్సాహికుడు రైల్వే ఫొటోగ్రాఫిక్ సొసైటీని స్థాపించెను. సభ్యుల చిత్రములు తపాలాలో ఒకరినుండి ఒకరికి తిరుగుచు, ఒకరి తప్పులు వేరొకరు దిద్దుచు, విమర్శలతో కూడి యజమానికి తిరిగి వచ్చెడివి. బడిలేని బడి యది.

ఆ బడిలో మొదటి పాఠము లెక్కలకు సంబంధించినది; దీనిని మన తరగతులలోను చేయించవచ్చును. గంటకు 60 మైళ్లు, అనగా సుమారు 96 కిలోమీటర్ల వేగముతో పోవు రైలు సెకండునకు 26.8 మీటర్లు కదలును. సాధారణపు పెట్టె కెమేరా షట్టరు సెకండులో యాబదియవవంతు తెరచియుండునని అనుకొందము. ఆలోపల రైలు 54 సెంటిమీటర్లు జరుగును. రైలు మనకు 20 మీటర్ల దూరమున, కెమేరాలోని కటకపు నాభ్యంతరము 15 సెంటిమీటర్లయినచో, పలకమీద ప్రతి వస్తువును 133 రెట్లు చిన్నదిగా పడును. అనగా బొమ్మలో ఇంజను 4 మిల్లీమీటర్లు అలుకుకొనిపోవును. నంబరు చదువుటకు వీలుండదు. షట్టరును సెకండులో వెయ్యవవంతునకు బిగించినచో రైలు 2.7 సెంటిమీటర్లే జరుగును. బొమ్మలో అలుకు 0.2 మిల్లీమీటర్లకు దిగును. బాగుగనే యున్నది గాని, పలకపై పడు వెలుతురు కూడ ఇరువదవ వంతునకు తగ్గినది! ఇదియే అసలు చిక్కు. వేగమును ఆపబోయిన వెలుతురు చాలదు. వెలుతురు కావలెనన్న వేగము ఆగదు.

దీనికి ఖర్చులేని ఉపాయమొకటి వారికి దొరికెను. రైలును ప్రక్కనుండి గాక ఎదురుగా, కొంచెము వారగా చూడవలెను. అప్పుడు రైలు వేగములో అడ్డమునకు కనబడు భాగము మాత్రమే బొమ్మను చెఱచును. చూపునకును పట్టాలకును నడుమ కోణము 30 డిగ్రీలయినచో ఆ భాగము సగము. 15 డిగ్రీలయినచో నాలుగవవంతు కంటె కొంచెమెక్కువ. త్రికోణమితి చదివినవారికి ఇది సైన్ పట్టికయే. అందుచే ఇంజను ముఖము పెద్దదిగాను, పెట్టెలు వెనుకకు సన్నగిల్లుచును కనబడు ‘ముప్పాతిక ముఖపు’ బొమ్మ పుట్టినది. ఇప్పటికిని రైలు క్యాలెండర్లలో కనబడునది అదియే. దానిని అందమునకై కల్పించిన భంగిమ యనుకొందురు. నిజమునకు చుఱుకుతనము లేని పలకలు నేర్పిన భంగిమ యది. తరువాత పలకలు చుఱుకైనను అలవాటు పోలేదు. యాబదియేండ్లపాటు వేలకొలది చిత్రములు ఒకే అచ్చులో పోసినట్లు వచ్చినవనుట అతిశయోక్తి కాదు.

వేగమైన షట్టరు విషయమున జర్మను దేశీయుడగు ఒట్టొమార్ అన్‌ష్యూట్జ్ పేరు చెప్పవలెను. పలకకు తాకునంత దగ్గరగా ఒక గుడ్డతెర, ఆ తెరలో సన్నని చీలిక; తెర జారినప్పుడు చీలిక పలకయంతయు తుడుచుకొనుచు పోవును. 1880ల చివర ఆయన తెచ్చిన ఇట్టి షట్టరుతో సెకండులో వెయ్యవవంతు సాధ్యమయ్యెను. కాని చీలిక పైనుండి క్రిందికి చేరునంతలో రైలు కొంత ముందునకు పోవును గనుక, నిట్టనిలువు పొగగొట్టము బొమ్మలో ఏటవాలుగా దిగెడిది. ఈ దోషము పోయినదనుకొనరాదు. పోవుచున్న రైలు కిటికీనుండి ఫోనుతో బొమ్మ తీయగా కరెంటు స్తంభములు వాలినట్లు కనబడుటకు కారణమిదియే. ఫోనులోని గ్రాహక ఫలకము వరుస తరువాత వరుసగా చదువబడును. ఆ నాటి గుడ్డతెర చేసిన పనినే అదియు చేయుచున్నది.

చిత్రకారులు శీతకాలమునే కోరుటకును కారణమున్నది. ఆవిరి నిజముగా కంటికి కనబడదు. గొట్టమునుండి వెలువడి, చల్లగాలి తగిలి, సూక్ష్మమైన నీటి తుంపురులుగా మారినప్పుడే తెల్లని మబ్బువలె కనబడును. ఎండకాలపు మధ్యాహ్నమున అదే ఇంజను అంతే ఆవిరి వదలినను బోసిగా తోచును. నల్లని పొగ మాట వేరు. అది సరిగా కాలని బొగ్గు. గాలి చాలనప్పుడు కర్బనపు నలుసులు వెలువడును. దట్టమైన నల్లపొగతో నున్న చిత్రము మనకెంత గంభీరముగా నున్నను, ఇంజను పనివాడు దానిని చూచి మెచ్చుకొనడు. అది బొగ్గు దండుగ.

ఆ పొగను స్నేహమునకై విడిచిన డ్రైవర్లును ఉండిరి. ఎరిక్ ట్రీసీ అను మతాధికారి 1930ల చివర లివర్‌పూల్ నగరమున ఎడ్జ్‌హిల్ ప్రాంతమున పనిచేసెను. రైల్వేలో పనిచేయు కుటుంబములుండు చోటది. ఆయన ఇంజను షెడ్డుకు పోయి, డ్రైవర్లతోను బొగ్గువేయు వారితోను చెలిమి చేసి, వారి చిత్రములు తీసి వారికే ఇచ్చుచుండెడివాడు. ఆయన బొమ్మలలో ఇంజనుతోబాటు మనుష్యుడును కనబడును. నూనెగుడ్డ చేతబట్టి నిలిచిన పనివాని ముఖమునకు చక్రములకున్నంత విలువ యున్నది. ఈ యొక్క సంగతిచే ఆయన ముప్పాతిక ముఖపు ఆచారమును దాటిపోయెననవచ్చును. తరువాత ఆయన వేక్‌ఫీల్డ్ బిషప్పు అయ్యెను. కెమేరా మాత్రము విడువలేదు. బ్రిటనులో ఆవిరి రైళ్ల సాధారణ రాకపోకలు 1968 ఆగస్టులో ముగిసినవి. ఆ పిదప పదియేండ్లకు, 1978 మే 13న, ఆపిల్‌బీ స్టేషనులో, ఒక ప్రత్యేకపు రైలును లాగుచు వచ్చెడి ‘ఈవెనింగ్ స్టార్’ అను ఆవిరి ఇంజనుకై ఎదురుచూచుచు ట్రీసీ అక్కడనే కన్నుమూసెను. బ్రిటిష్ రైల్వేవారు చివరిగా, 1960లో, నిర్మించిన ఆవిరి ఇంజను అది.

ఇంతవఱకు చెప్పినవారందరును సూర్యునికి లోబడి పనిచేసినవారు. సూర్యుడు కోరినచోట నుండడు. పట్టాలను జరుపుట మన వశము కాదు. ఈ బంధమును త్రెంచినవాడు అమెరికా దేశీయుడగు ఓ. విన్‌స్టన్ లింక్.

లింక్ 1914లో న్యూయార్కు నగరమందలి బ్రూక్లిన్ లో పుట్టెను. చదివినది సివిల్ ఇంజనీరింగు. బ్రతుకుతెరువు వ్యాపార ప్రకటనల చిత్రణము. 1955 జనవరిలో వేరొక పనిమీద వర్జీనియా రాష్ట్రమునకు పోయినప్పుడు సమీపమున నార్‌ఫోక్ అండ్ వెస్టరన్ రైల్వే వారి ఆవిరి రైళ్లను చూచెను. అప్పటికి అమెరికాలోని పెద్ద రైల్వేలు చాలవఱకు డీజిలుకు మారిపోయినవి. ఈ రైల్వే బొగ్గుగనుల నడుమ నుండెను. దాని ఆదాయమే బొగ్గు రవాణా. రోనోక్ పట్టణములోని స్వంత కర్మాగారమున మేటి ఇంజనులను తానే నిర్మించుకొనుచు 1950లలో కూడ ఆవిరిని పట్టుకొని నిలిచెను. లింక్ అక్కడ తన మొదటి రాత్రి చిత్రము తీసిన కొన్ని నెలలకే, ఆ రైల్వేయు డీజిలు కొనబోవుచున్నట్లు ప్రకటన వెలువడెను. ఇక మిగిలినది అయిదేండ్లు.

ఆ అయిదేండ్లలో లింక్ న్యూయార్కునుండి సుమారు ఇరువది పర్యాయములు అక్కడికి ప్రయాణము చేసి, 2,400 వఱకు చిత్రములు తీసెను. రైల్వే అధ్యక్షుని అనుమతి దొరికెను. జీతము మాత్రమెవరును ఇయ్యలేదు, ఖర్చంతయు తనదే. పగటి చిత్రములును కలవు గాని పేరు తెచ్చినవి రాత్రి చిత్రములు. రాత్రియే ఏల? చీకటి నల్లబల్ల వంటిది. దానిమీద ఏది చూపదలచిన దానికే వెలుతురు వేయవచ్చును. అక్కఱలేనివన్నియు చీకటిలో మునిగిపోవును. తెల్లని ఆవిరి పగటి ఆకాశమున కలిసిపోవును గాని, రాత్రియందు వెలుతురు తగిలినచో వెండివలె మెరయును.

చెప్పుట సులభము. వెలుతురు దూరపు వర్గమును బట్టి తగ్గును. దూరము రెట్టింపైనచో వెలుతురు నాలుగవవంతు, మూడు రెట్లయినచో తొమ్మిదవవంతు. నల్లని ఇంజను ఆ పడిన కొంచెమును కూడ మ్రింగివేయును. ఒక ఊరి వీధిని, ఇండ్లను, వంతెనను, పోవుచున్న రైలును ఒక్కసారిగా వెలిగించుటకు ఒకటి రెండు ఫ్లాష్ బల్బులు ఏ మూలకు? ఈ బల్బులు ఒక్కసారికే పనికివచ్చునవి. గాజు బుడ్డిలో సన్నని లోహపు రేకు గాని తీగ గాని, ప్రాణవాయువుతో కూడియుండును. కరెంటు తగులగానే కాలి, సెకండులో కొన్ని వందవవంతులు మాత్రము ప్రచండముగా వెలిగి ఆరిపోవును. లింక్ వీనిని పదుల సంఖ్యలో వాడెను. అనేక బల్బులు ఇముడు ప్రతిఫలకములను తానే తయారుచేసికొనెను. వానిని చెట్లపైన, ఇండ్ల కప్పులపైన, గోడల వెనుక అమర్చి, కెమేరాలవఱకు తీగలు లాగెను. సహాయకులతో కూడి ఒక్క చిత్రమునకై ఎంతో సేపు పాటుపడవలసి వచ్చెడిది.

ఆ తీగలను లింక్ కలిపిన తీరు భౌతికశాస్త్ర ఉపాధ్యాయులకు ముచ్చట గొలుపును. బల్బులను సమాంతరముగా కలిపినచో ఒకటి చెడినను తక్కినవి వెలుగును. మన ఇండ్లలోని దీపములకు అదియే మేలు. లింక్ శ్రేణిలో కలిపెను. శ్రేణిలో ఒకచోట తెగినచో ఒక్కటియు వెలుగదు. ఇది తెలివితక్కువ పనిగా తోచవచ్చును గాని ఆలోచింపుడు: సగము వెలిగిన చిత్రము ఎట్లును పనికిరాదు, పైగా బల్బులు మాత్రము కాలిపోవును. శ్రేణిలోనైనచో, లోపమున్నపుడు బల్బులన్నియు మిగులును. మరునాటి రైలుకు వాడుకొనవచ్చును. తప్పినచో అంతయు తప్పవలెను, దొరికినచో అంతయు దొరకవలెనన్నది లెక్క.

1956 ఆగస్టు 2న వెస్ట్ వర్జీనియాలోని ఐగర్ అనుచోట తీసిన చిత్రము ఇందుకు తార్కాణము. కార్లలో కూర్చుండి సినిమా చూచు బహిరంగ ప్రదర్శనశాల యది. దాని వెనుకనుండి రైలుకట్ట పోవును. ముందు వరుసలో కారునందు ఒక యువతీయువకుల జంట; ఎదుట తెరపై విమానము; తెర ప్రక్కగా తెల్లని ఆవిరి చిమ్ముచు దూసికొని పోవుచున్న ఇంజను. కారు, విమానము, ఆవిరి యింజను – మూడు యుగముల వాహనములు ఒక్క చోట. దీనికై నలుబదికి పైగా బల్బులు ఒక్క క్షణమున వెలిగినవి. ఆ మెఱుపుకు సినిమాతెర వెలవెలబోయెను. అందుచే తెరపై విమానమును లింక్ వేరుగా తీసి, తరువాత చీకటిగదిలో అతికించెను.

అతికించుట తప్పు కాదా యను ప్రశ్న సహజముగా వచ్చును. మనుష్యులను కోరినచోట కూర్చుండబెట్టి, కోరిన క్షణమున కోరిన వెలుతురు వేసి తీసిన బొమ్మ చరిత్రకు సాక్ష్యమగునా? కొంత నొచ్చదగిన సంగతియే యని ఒప్పుకొనవలెను. కాని లింక్ బొమ్మలలో ఇంజను నిజము, పట్టాలు నిజము, ఊరు నిజము. లూరే వద్ద వాగులో ఈదుచున్న పిల్లలపై వంతెనమీద రైలు పోవుట ఆ యూరి పిల్లలకు దినచర్యయే. చీకటిలో కంటికి కనబడుచున్నను ఫిల్ముకు కనబడని బ్రతుకును ఆయన వెలుతురుతో పైకి తెచ్చెను. అసలు వంచన లోపించిన చిత్రము ఏదియు లేదు. వెడల్పు గేజివారి నీడబొమ్మలును, బూడిదరంగు పూసిన కర్మాగారపు ఇంజనులును ఏపాటి నిజములు? చూచువారికి ఏది ఎట్లు చేయబడెనో తెలిసియుండుట ముఖ్యము. విమానమును అతికించిన మాట లోకమునకు తెలిసినదే గనుక ఆ చిత్రము నేడు ఎవరిని మోసగించుట లేదు.

లింక్ ధ్వనిని కూడ పట్టెను. 1957 క్రిస్మసు ముందురాత్రి వర్జీనియాలోని రూరల్ రిట్రీట్ అను చిన్న స్టేషను వద్ద, చర్చి గంటల పాటలు మ్రోగుచుండగా వచ్చి ఆగి, మరల కదలిపోవు రైలు చప్పుడును ఆయన టేపుపై ఎక్కించెను. 1960 మే నెలలో ఆ రైల్వేలో ఆవిరి ముగిసెను. చిత్రములకు పెద్ద పేరు వచ్చుటకు ఇంక ఇరువది యేండ్లకు పైగా పట్టెను. 2001లో లింక్ మరణించెను. 2004లో రోనోక్ పట్టణమున, అదే రైల్వేవారి పాత ప్రయాణికుల స్టేషనులో, ఆయన చిత్రములకు ఒక ప్రదర్శనశాల వెలసెను. ఆ పట్టణమున నిర్మించిన ఇంజనులు కొన్ని భద్రముగనే యున్నవి. 1950లో తయారైన 611 నంబరు ఇంజను 2015లో మరల నడుపబడెను కూడ. కాని దాని దారిలోని స్టేషను గుమాస్తా, నీటితొట్టి, రాత్రి దీపము చేతబట్టి వాకిట నిలిచిన గృహస్థుడు – వీరు ఏ మ్యూజియములోను లేరు. లింక్ గాజుబల్బుల వెలుతురులో మాత్రమే యున్నారు.

బ్రిటనులో 1968లో ఆవిరి పోగానే అక్కడి చిత్రకారులు పలువురు ఆవిరి మిగిలిన దేశములను వెదకుకొనుచు బయలుదేరిరి. వానిలో భారతదేశ మొకటి. చిత్తరంజన్ కర్మాగారము తన తుది బ్రాడ్ గేజి ఆవిరి ఇంజనును 1970లో నిర్మించి దానికి ‘అంతిమ్ సితారా’ యని పేరు పెట్టెను. తుది మీటరు గేజి ఇంజను 1972లో వెలువడెను. అవి ఇంకొక ఇరువది యేండ్లకు పైగా నడచినవి. బ్రాడ్ గేజిపై ఆవిరి యుగము 1995 డిసెంబరులో ముగిసినది. ఆ కాలమున మనవారి చేతులలో కెమేరాలు అరుదు, ఫిల్ము ప్రియము. స్టేషన్లలో బొమ్మ తీయుటకు అనుమతి పత్రము కావలసియుండెను. అందుచే మన ఆవిరి ఇంజనుల మంచి చిత్రములు పెక్కు విదేశీయుల పెట్టెలలో నుండిపోయినవి. ఇది మనకు కొంత చిన్నతనమే.

ఇప్పుడు ప్రతి చేతను కెమేరా యున్నది గాని దానివెంట ప్రమాదమును వచ్చినది. లింక్ గాని ట్రీసీ గాని రైల్వేవారి యెఱుకతో పనిచేసినవారు. పట్టాల నడుమ నిలిచి, వెనుకనుండి వచ్చు రైలును ఫోనులో చూచుకొను పద్ధతి వారెవరికిని తెలియదు. ఫోను కటకము దూరపు వస్తువును ఇంకను దూరముగా చూపును. చిన్నతెరపై గోరంతగా కనబడు రైలు గంటకు 100 కిలోమీటర్ల వేగముతో వచ్చుచున్నచో 200 మీటర్ల దూరమును దాటుటకు దానికి ఏడు సెకండ్లు చాలును. అనుమతి లేక కట్టమీదికి పోవుట 1989 నాటి రైల్వే చట్టము 147వ సెక్షను ప్రకారము శిక్షార్హము; ఆరు మాసముల వఱకు కారాగారము గాని, వేయి రూపాయల వఱకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. రైలు దాటువంతెనపైనుండి, గేటు బయటనుండి తీసిన బొమ్మకు వచ్చిన లోటేమియు లేదు. ముప్పాతిక ముఖము అక్కడనుండియే బాగుగా కుదురును.

ఆవిరిని వెడలగొట్టిన డీజిలు ఇంజనును ఆ నాటి చిత్రకారులు శత్రువుగా చూచిరి. అది వచ్చుచున్నదన్న కెమేరా దించివేసినవారు అనేకులు. మన దేశమునకు డబ్ల్యు.డి.ఎం.2 అను డీజిలు ఇంజనులు 1962లో అమెరికానుండి వచ్చినవి. 1964 నుండి వారణాసిలో తయారైనవి. తరువాతి దశాబ్దములలో కాజీపేట, గుత్తి, విజయవాడ షెడ్లలో వీని మోత వినని దినము లేదు. బొమ్మ తీయవలెనని తోచినవారు కొద్దిమందియే. 2024 నాటికి మన బ్రాడ్ గేజి మార్గములలో నూటికి 95 పాళ్లకు పైగా విద్యుదీకరణమైనది. పాత డీజిలు ఇంజనులు ఒక్కటొక్కటిగా తుక్కునకు పోవుచున్నవి. ఇప్పుడు ఎక్కడనైనను అట్టి ఇంజను ఒకటి నల్లపొగ చిమ్ముచు గూడ్సును లాగుకొని వచ్చుచున్నదని తెలిసినచో, తెల్లవారుజాముననే గేటు ప్రక్కన కుఱ్ఱవాండ్రు నలుగురైదుగురు కెమేరాలు పట్టుకొని నిలుచుందురు.